ఏ పని చేసొచ్చిన బండి?

పాత ట్రాక్టర్ కొందామని బయల్దేరినవాళ్లు మొదట అడిగేది "ఏ మోడల్?" అని. తర్వాత "ఎన్ని గంటలు తిరిగింది?" అని. నల్లగొండ, పాలమూరు వైపు ఈ రెండింటికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఇన్నాళ్లూ ఈ బండి ఏ పని చేసింది? ఒకే సంవత్సరం, ఒకే కంపెనీ బండ్లు రెండు పక్కపక్కన నిలబడి ఉంటే వాటిలో ఒకటి వాగుల్లోంచి ఇసుక మోసి ఉండొచ్చు, రెండోది దేవరకొండ పక్క చల్కల్లో పత్తి చేను దున్ని ఉండొచ్చు. మీటరు మీద గంటలు ఒక్కటే అయినా లోపల మిగిలిన ఆయుష్షు ఒక్కటి కాదు. చేసిన పని ఇనుము మీద గుర్తులు వదిలే పోతుంది. ఆ గుర్తులు చూడ్డం తెలిస్తే అమ్మేవాళ్ల మాట నమ్మాల్సిన అవసరం సగానికి సగం తగ్గుతుంది.

ముఖ్యంగా చెయిన్ బండ్లు, అంటే టైర్లకు బదులు గొలుసు పట్టీల మీద నడిచే డోజర్లు, హార్వెస్టర్లు, మూలకు చేరుతున్న ఇళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మెట్ట చేలు వరి మళ్లయ్యాయి. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు అందిన చోట నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు కూడా అదే మార్పు వచ్చింది. ఎగుడుదిగుడు చల్కను మడి చేయాలంటే మట్టి జరపాలి, గట్లు పోయాలి, తుమ్మ మొద్దులు పెకలించాలి. ఒకప్పుడు ఈ పనంతా తట్ట, పార పట్టిన మనుషులే చేశారు. దేశంలో ఎన్ని ఆనకట్టల కింద పాలమూరు కూలీల చెమట ఉందో చెప్పనక్కర్లేదు. తర్వాత ఆ పనిలోకి చెయిన్ డోజర్లు వచ్చాయి. తడి ఆరని మళ్లలో కోతకు చెయిన్ హార్వెస్టర్లు వచ్చాయి.

ఈ బండ్లకు వయసు మీద పడితే ఇంజన్‌కన్నా ముందు కింది భాగం పోతుంది. గొలుసు, కింది రోలర్లు, స్ప్రాకెట్, ముందు ఐడ్లర్ చక్రం అన్నీ కలిసే అరుగుతాయి. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త గొలుసు ఎక్కిస్తే ఆ గొలుసూ త్వరగానే పోతుంది, కాబట్టి ఒక్కటి మార్చి ఊరుకోవడం కుదరదు. డోజర్ల నిర్వహణ ఖర్చులో సగం దాకా ఈ కింది భాగమే తింటుందని వాటితో బతికినవాళ్లకు తెలుసు. మొత్తం మార్చడానికి మెకానిక్ చెప్పే ఎస్టిమేటు ఒక పాత ట్రాక్టర్ ధరకు దగ్గరపడ్డ రోజున ఇంట్లో మాట మొదలవుతుంది: దీన్ని అమ్మి ట్రాక్టర్ తెచ్చుకుందామా?

తెచ్చుకోవచ్చు. కానీ చెయిన్ బండి చేసిన పనులన్నీ ట్రాక్టర్ చేయదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే ఎంపిక తేలికవుతుంది.

ముందు పనుల లెక్క

ఒక కాగితం తీసుకుని, పోయిన రెండు మూడేళ్లలో చెయిన్ బండితో నిజంగా చేయించిన పనులన్నీ రాయండి. వాటి పక్కన ఏడాదికి సుమారు ఎన్ని గంటలో వేయండి. గుండ్లు దొర్లించడం, మొద్దులు తీయడం, మోకాలి లోతు మట్టి కోయడం లాంటివి చాలా ఇళ్లలో ఏడాదికి నాలుగు రోజుల పని. దానికి జేసీబీనో డోజరునో కిరాయికి పిలిస్తే సరిపోతుంది. మళ్లు సరిచేయడం, గట్టు ఎగదోయడం, చెరువు పూడిక మట్టి చేలో పరచడం, లోతు దుక్కి, కరిగెట, ఎరువు తోలడం మాత్రం ఏటా ఉండే పనులు. ట్రాక్టర్ కొనాల్సింది వీటి కోసం. కోత యంత్రం సంగతి వేరు. చెయిన్ హార్వెస్టర్ పోయిన చోట ట్రాక్టర్ ఒక్కటే వచ్చి వరి కోయదు. కోతకు మిషన్ కిరాయికి పిలుచుకుని, మిగతా ఏడాది పనికి ట్రాక్టర్ పెట్టుకోవడమే దారి.

చెయిన్ బండి తన బరువునంతా పొడవాటి పట్టీల మీద పరుస్తుంది. అందుకే టన్నుల బరువున్నా నేల మీద పడే ఒత్తిడి తక్కువ, పట్టు ఎక్కువ. దాదాపు తన బరువంత లాగగలదు. టైర్ల బండికి ఆ పట్టు ఉండదు. రెండు టన్నుల ట్రాక్టర్ పొడి నేలలో తన బరువులో సగమో, అంతకు కాస్త ఎక్కువో లాగుతుంది. బురదలో అదీ పడిపోతుంది. ఆ లోటును కొంత ఫోర్ వీల్ డ్రైవ్‌తో, కొంత వెనక టైర్లలో నీళ్లు నింపి, ఇంకొంత ముందు బరువులు కట్టి పూడ్చుకోవాలి. "మా డోజర్ లాగిన నాగలి ఇదీ లాగాలి" అని పట్టుబడితే అయిపోయేది క్లచ్చే.

నేల కూడా లెక్కలోకి వస్తుంది. చల్క, దుబ్బ నేలల్లో 35 నుంచి 40 హెచ్‌పీ బండి తొమ్మిది కొర్రుల కల్టివేటర్ను హాయిగా లాగుతుంది. రేగడిలో, అందులోనూ ఆరడుగుల రోటవేటర్ వేయాలంటే 45 నుంచి 50 కావాలి. కరిగెట ప్రధానమైతే 45 హెచ్‌పీ ఫోర్ వీల్ మంచిది. ముందు చక్రాలు కూడా లాగితే ఊబి మడిలోంచి బండి దానంతటదే బయటపడుతుంది. బత్తాయి తోటలున్న నల్లగొండ రైతు ఇంకో కొలత చూసుకోవాలి. చెట్ల వరసల మధ్య వెడల్పు, కొమ్మల ఎత్తు. పైకి లేచిన సైలెన్సర్, ఎత్తు బానెట్ ఉన్న పెద్ద బండి లోపలికి వెళ్తే కాయలు, కొమ్మలు రాల్చుకుంటూ పోతుంది. తోటే ప్రధానమైతే చిన్న బండి మేలు, పెద్ద దుక్కి కిరాయికి చేయించుకోవచ్చు.

బండి మీద రాసిన హెచ్‌పీ ఇంజన్‌ది. వెనక పీటీఓ దగ్గర అందేది అందులో సుమారు 85 శాతం. రోటవేటర్, బేలర్ తిప్పేది ఈ పీటీఓనే. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి ఇచ్చే నివేదికల్లో ఒక్కో మోడల్ పీటీఓ దగ్గర ఎంత శక్తి ఇస్తుందో, ఎంత లాగుతుందో, ఎంత బరువు ఎత్తుతుందో ఉంటుంది. మీకు నచ్చిన మోడల్ నివేదిక దొరికితే షోరూం కరపత్రంకన్నా దాన్నే నమ్మండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్న దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో ట్రాక్టర్ ఎంపిక, నడపడం, మరమ్మతు నేర్పిస్తారు. ఇంట్లో చదువుకున్న కుర్రాడు ఉంటే బండి కొనకముందే అక్కడికి పంపడం వృథా ఖర్చు కాదు.

కంపెనీ ఏదన్నది ఆ తర్వాత మాట. మహీంద్ర 475, 575, స్వరాజ్ 735, 744, మాస్సీ 1035, 241, జాన్ డీర్, సోనాలిక, న్యూ హాలండ్, కుబోటా: అన్నిట్లోనూ మంచి బండ్లున్నాయి, పాడైనవీ ఉన్నాయి. నా వరకు ఒకే ఒక నియమం. మీ మండల కేంద్రంలో ఏ బండి సామాను షాపులో దొరుకుతుందో, ఏ బండి విప్పడానికి మెకానిక్ చేతికి అలవాటుందో ఆ బండే మీది. ఒకప్పుడు బలానికి పేరుపడ్డ హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీ విభాగాన్ని 2016లో మూసివేయాలని కేంద్రం నిర్ణయించింది. చవకగా దొరుకుతుందని అలాంటిది కొంటే ప్రతి చిన్న సామానుకూ వేట తప్పదు. రెండో చివర 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటిలో ఇంధనం పంపేది ఎలక్ట్రానిక్స్. ఊళ్లో మెకానిక్ దగ్గర స్కానర్ లేకపోతే వాటి జోలికి పోకపోవడమే మంచిది.

కాగితాలు చూడకుండా బండి దగ్గరికి పోవద్దు

మృగశిర కార్తె ముందు అందరికీ ట్రాక్టర్ కావాలి. ఆ నెలలో బేరం అమ్మేవాళ్ల చేతిలో ఉంటుంది. నాట్లు ముగిసిన శ్రావణ, భాద్రపదాల్లో చూస్తే తాపీగా చూడొచ్చు. షోరూముల దగ్గర ఎక్స్‌ఛేంజిలో వచ్చినవి, ఫైనాన్స్ వాళ్లు గుంజుకొచ్చి యార్డుల్లో పెట్టినవి, బ్రోకర్ల దగ్గరివి, నేరుగా రైతు ఇంటి ముందున్నవి దొరుకుతాయి. నా ఓటు చివరిదానికే. రైతు ఇంటి ముందున్న బండి చేసిన పని ఊరందరికీ తెలుసు. పక్కింటి అన్నను పిలిచి చాయ్ తాగుతూ అడిగితే చాలు. యార్డులో ఉన్న బండికి ఆ ఊరు ఉండదు.

ఫోన్‌లోనే ఆర్సీ ఫొటో అడగండి. నంబరు ప్లేటే కొంత చెబుతుంది. ఏపీ 24 అంటే ఉమ్మడి నల్లగొండ, ఏపీ 22 అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్: ఇవి 2014 రాష్ట్ర విభజనకు ముందు రిజిస్టరైనవి. టీఎస్ 05, టీఎస్ 06 ఆ తర్వాతివి. 2016లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేటకు 29, యాదాద్రికి 30, నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. వ్యవసాయ ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. ఏపీ నంబరు బండికి ఆ గడువు అయిపోయిందా, పొడిగించారా అన్నది మొదటి ప్రశ్న.

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందో లేదో చూడండి. హైపోథికేషన్ కనిపిస్తే అప్పు తీరినట్టు బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, వాళ్లు సంతకం పెట్టిన ఫారం 35 ఉండాలి. "కడతాలే అన్నా, ఇంకా రెండు కిస్తులే" అంటే, ఆ రెండు కిస్తులు కట్టాకే మాట్లాడుదాం అనండి. ట్రాలీకి వేరే ఆర్సీ ఉంటుంది. ట్రాలీతో కలిపి బేరమైతే అదీ చూడాలి. రాయచూరు నుంచో పల్నాడు నుంచో వచ్చిన బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చిన ఎన్‌ఓసీ లేకుండా ఇక్కడ పేరు మారదు. సబ్సిడీ మీద వచ్చిన బండికి అమ్మకం షరతులు ఏమైనా ఉన్నాయేమో మండల వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోండి. ఇసుక బండి అన్న అనుమానం ఉంటే, దాని మీద కేసులేమైనా ఉన్నాయా అని ఆ ఊరి పోలీస్ స్టేషన్లో వాకబు చేయడానికి మొహమాటపడొద్దు.

పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే

చూడ్డానికి పొద్దున్నే వస్తామని, వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే చేయి వేయాల్సింది ఇంజన్ మీద. గోరువెచ్చగా తగిలితే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. వేడి ఇంజన్ తన రోగం దాచుకుంటుంది. అలా ఉంటే చాయ్ తాగి, ఇంకో రోజు వస్తామని లేవండి.

చల్లటి బండికి ముందు డిప్‌స్టిక్ తీయాలి. ఆయిల్ నల్లగా ఉంటే ఫర్వాలేదు. పాలు కలిపినట్టు తెల్లబడితే నీళ్లు కలుస్తున్నట్టు. రేడియేటర్ మూత తీసి చూస్తే పైన నూనె తెట్టు తేలకూడదు. ఆ తర్వాత ఎయిర్ క్లీనర్. పాలమూరు, నల్లగొండ చల్కల్లో తిరిగిన బండికి ఇంతకన్నా ముఖ్యమైన పరీక్ష లేదు. వేసవి దుక్కిలో లేచే ఎర్ర దుమ్ములో సన్నటి ఇసుక రేణువులుంటాయి. ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ సరిగా మార్చకపోయినా, ఫిల్టర్ చిరిగినా, రబ్బరు గొట్టం క్లిప్పు వదులైనా ఆ దుమ్ము సిలిండర్లోకి పోయి లైనర్నూ రింగులనూ నమిలేస్తుంది. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కు పోయే గొట్టం క్లిప్పు విప్పించి, చూపుడు వేలు లోపలికి పెట్టి తుడవండి. వేలికి ఎర్రగా అంటిందా, మీటరు మీద వెయ్యి గంటలే ఉన్నా ఆ ఇంజన్ బోరుకు వచ్చిందనే లెక్క వేసుకోండి.

ఇప్పుడు స్టార్ట్ చేయమనండి. సెల్ఫ్ కొట్టగానే అందుకోవాలి. మొదట కాసేపు పొగ వస్తే తప్పు పట్టొద్దు. వేడెక్కాక కూడా నీలం పొగ వదలకపోతే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు దిగుతుండొచ్చు, లేదా డీజిల్ సరిగా మండడం లేదు. నల్ల పొగకు చాలాసార్లు కారణం ఎయిర్ క్లీనరో ఇంజెక్టర్లో. అది పెద్ద ఖర్చు కాదు. పొగకన్నా బాగా నిజం చెప్పేది బ్రీదర్ గొట్టం. దాని దగ్గరా, ఆయిల్ పోసే మూత తీసీ చూడండి. సన్నగా ఆవిరి వస్తే సరే. పొయ్యి మీద కుండలోంచి వచ్చినట్టు ఊదుతూ ఉంటే రింగులు అయిపోయాయి.

ఇనుము మీద రాత

చేసిన పనిని చదవడం ఇక్కడ మొదలవుతుంది. పెయింటు కొత్తగా వేయించొచ్చు, మీటరు మార్పించొచ్చు. అరుగుదలను అన్ని చోట్లా ఒకేసారి దాచడం కష్టం.

ట్రాలీ గుంజిన బండికి వెనక కొక్కెం దగ్గర వంగి చూడాలి. పిన్ను కూర్చునే రంధ్రం గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా? సాగి ఉంటే ఏళ్లకేళ్లు బరువు గుంజిందన్నమాట. దాంతో పాటు క్లచ్, బ్రేక్ పెడళ్ల మీద రబ్బరు అరిగి ఇనుము తేలి మెరుస్తుంటుంది. గాలి గట్టిగా కొట్టి రోడ్డు మీద తిప్పిన వెనక టైరు నడిమధ్య ఎక్కువ అరుగుతుంది. అలాంటి బండికి క్లచ్ ప్లేటు, బ్రేకులు, గేర్‌బాక్స్ మూడింటి మీదా అనుమానపడాలి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు గేరు దానంతటదే జారిపోతోందా అని తప్పకుండా చూడండి. జారితే గేర్‌బాక్స్ విప్పాల్సిందే.

కేజ్ వీల్స్ కట్టి కరిగెట చేసిన బండి కథ చక్రాల దగ్గర ఉంటుంది. ఇనుప చక్రం బరువు పక్కకు పడి వెనక యాక్సిల్‌ను మెలితిప్పుతుంది, సీళ్లు పోతాయి. డ్రమ్ముల పక్కన ఆయిల్ చెమ్మ, దాని మీద అంటుకున్న మట్టి అందుకు గుర్తు. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే వదులు తెలుస్తుంది. హబ్ మూత విప్పితే గ్రీజు ఉందో, గ్రీజు పేరుతో బురద ఉందో కనబడుతుంది. ఇంకో పరీక్ష ఉంది, అమ్మేవాళ్లు ఒప్పుకుంటే తప్పక చేయండి. రాత్రంతా నిలబడ్డ బండి వెనక భాగం కింద డ్రెయిన్ బోల్టును కొద్దిగా వదులు చేయాలి. నూనెకన్నా నీళ్లు బరువు కాబట్టి అడుక్కు చేరి ఉంటాయి. మొదట నాలుగు చుక్కలు నీళ్లొస్తే ఆ గేర్లూ, అదే నూనెతో పనిచేసే హైడ్రాలిక్ పంపూ నీళ్లలో నాని ఉన్నట్టే. ఫోర్ వీల్ బండి అయితే ముందు, వెనక టైర్ల సైజులు కంపెనీ చెప్పిన జతేనా చూడాలి. ఎవరో చవకగా దొరికిందని వేరే సైజు టైరు వేస్తే ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు ఇంకో వేగం అడుగుతాయి. ఆ తగువు లోపలి గేర్ల మీద పడుతుంది.

రోటవేటర్ బండికి పీటీఓ షాఫ్టు. ఇంజన్ ఆపి, షాఫ్టును చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, పైకీ కిందికీ ఊపండి. పళ్లు మొనదేలి ఉన్నా, ఒక పక్కకు మెలి తిరిగినట్టు కనబడ్డా గట్టిగా వాడారు. లిఫ్టు చేతుల చివర గుండ్లు లొడలొడలాడతాయి. పీటీఓ మీద కవరు ఉండాలి, చాలా పాత బండ్లకు ఉండదు. తువ్వాలో చీర కొంగో చుట్టుకుని ప్రాణాలు పోయేది అక్కడే. లేకపోతే బండి ఇంటికి తెచ్చిన రోజే వేయించండి, దాని ధర చూడొద్దు.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన రెండు రకాలు. ఒకటి కంప్రెసర్ ట్రాక్టర్. బావి తవ్వేచోట, బండ కొట్టేచోట రాయికి రంధ్రాలు వేయడానికి కంప్రెసర్ కట్టి రోజుల తరబడి నిలబెట్టి నడుపుతారు. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు కదలవు. తర్వాత కంప్రెసర్ విప్పి అమ్మితే టైర్లు చూసి కొత్త బండే అనుకుంటారు. పక్కల మీద బిగింపు రంధ్రాలు, రాతి దుమ్ము పట్టిన రేడియేటర్, పెడళ్ల రబ్బరు బాగుండి ఇంజన్ మాత్రం నీరసంగా ఉండడం దీని లక్షణాలు. రెండోది ముందు డోజర్ బ్లేడు కట్టిన బండి. చెయిన్ డోజర్ స్థానంలో తెచ్చుకోవాలనుకునేవాళ్ల కన్ను సహజంగా దీని మీదే పడుతుంది, బ్లేడు కూడా కలిసొస్తుంది కదా అని. ఇక్కడ ఆగి చూడాలి. ట్రాక్టర్ వెనక నుంచి లాగడానికి చేసిన యంత్రం. ముందు బ్లేడు పెట్టి గుండ్లను గుద్దితే ఆ దెబ్బ ముందు యాక్సిల్ బ్రాకెట్‌కు, ఇంజన్‌నూ క్లచ్ హౌసింగునూ కలిపే బోల్టుల వరసకు తగులుతుంది. ఆ అతుకు దగ్గర ఆయిల్ కారుతున్నా, బోల్టుల తలలు కొత్తవైనా, పోత ఇనుము మీద వెల్డింగ్ కనబడినా వదిలేయండి. పోత ఇనుముకు వేసిన వెల్డింగ్ పొలంలో నిలవదు. మీకు బ్లేడు కావాలంటే, దుక్కి మాత్రమే చేసిన గట్టి బండి కొని, వెనక దాకా ఫ్రేము వచ్చేలా బ్లేడు కట్టించుకుని, మెత్తటి మట్టి జరపడానికే వాడుకోండి.

టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడ్డం మరవొద్దు. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైందని. లగ్గులు ఎత్తుగా ఉన్నా పదేళ్ల టైరు పగుళ్లు తేలి ఉంటుంది. చివరగా ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నవేనా సరిపోల్చండి. అంకెల చుట్టూ గీకిన గుర్తులుంటే ఇంకేం మాట్లాడకుండా వెనక్కి తిరగండి.

పొలంలో ఒక గంట

రోడ్డు మీద అటూ ఇటూ తిప్పి చూపిస్తే చాలదు. మీ కల్టివేటరో రోటవేటరో తగిలించి పొలంలో గంటసేపు నడపనివ్వమని అడగండి. డీజిల్ మీరే పోయించండి. మీరు నడపొద్దు, మీ మెకానిక్ నడపాలి, మీరు పక్కన నడవాలి. కొర్రులు దిగినప్పుడు ఇంజన్ శబ్దం కొద్దిగా కిందికి దిగి మళ్లీ నిలదొక్కుకోవాలి. దిగి అక్కడే ఉండిపోతే పంపు గానీ కంప్రెషన్ గానీ తగ్గింది. నీళ్ల ముల్లు ఎర్ర గీత వైపు పాకకూడదు. ఆయిల్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు కాదు, గంట పని చేశాక స్లో మీద ఉన్నప్పుడు చూడాలి.

బాగా వేడెక్కాక రోటవేటర్ ఎత్తించి ఇంజన్ ఆపేయండి. లిఫ్టు చేయి ఉన్న చోట చాక్‌పీసుతో గీత గీయండి. పది నిమిషాలు పక్కన కూర్చోండి. ఆ పది నిమిషాల్లో జానెడు దిగిందంటే హైడ్రాలిక్ సీళ్లో, సిలిండరో పోయింది. చల్లటి నూనెతో ఇదే పరీక్ష చేస్తే అన్ని బండ్లూ పాసవుతాయి. రోటవేటర్, బేలర్ వాడే ఇంటికి డ్యూయల్ క్లచ్ అవసరం. క్లచ్ పెడల్ సగం తొక్కి బండి ఆపితే పీటీఓ తిరుగుతూనే ఉండాలి. బ్రేకుల కొక్కెం విప్పి ఒక్కో చక్రాన్నీ విడిగా ఆపి చూడండి. పొలం మూలల్లో మలుపు తిప్పేది వాటితోనే.

బేరం

మెకానిక్‌తో కలిసి కనబడ్డ లోపాలన్నీ రాసి, ఒక్కోదానికీ సామానూ మజూరీ కలిపి ఎంతవుతుందో అక్కడే వేయించండి. ఆ మొత్తాన్ని ధరలోంచి తీసేయడం మీ హక్కు. ఇంకో లెక్క కూడా చేతిలో ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ మేరకు కొత్త బండి ధర దిగింది కాబట్టి పాత బండి ధర కూడా దిగాలి. అమ్మేవాళ్లు అంతకుముందు ధరలు పట్టుకుని మాట్లాడుతుంటే, అదే మోడల్ కొత్తదానికి షోరూం ఇచ్చిన కొటేషన్ కాగితం తీసి ముందు పెట్టండి. పాతదాని ధర, మరమ్మతులు కలిపి కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు దాటితే నేనైతే కొత్తదానికే పోతాను. కొత్తదానికి వారంటీ ఉంటుంది, అప్పు కూడా తక్కువ వడ్డీకి దొరుకుతుంది.

బయానా ఇచ్చే ముందు కాగితం రాసుకోండి. బండి నంబరు, ఇంజన్ నంబరు, ధర, ట్రాలీ ఉందో లేదో, ఆ రోజు దాకా ఉన్న కేసులకూ చలాన్లకూ అమ్మినవాళ్లదే బాధ్యతని. మిగతా డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బు ముట్టిన రోజే కావాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ చెబుతోంది. మన ఊళ్లలో పేరు మార్చకుండానే చేతులు మారిన బండ్లు చాలా ఉన్నాయి. అలాంటి బండి యాక్సిడెంట్ చేస్తే నష్టపరిహారం కేసు ఆర్సీలో పేరున్న మనిషి మెడకు చుట్టుకుంటుంది, ఇన్సూరెన్స్ దగ్గర చిక్కొస్తుంది. అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ ఇద్దరికీ ప్రమాదమే.

బండి ఇంటికొచ్చాక పొలానికి తోలకముందే ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ అన్నీ మార్పించండి. తీసిన ఆయిల్ను శుభ్రమైన తెల్ల గిన్నెలో పట్టి ఎండలో చూడండి. సన్నగా మెరుపు కనబడితే సహజం. చేతికి తగిలే ఇనుప ముక్కలుంటే మెకానిక్‌ను అప్పుడే పిలవండి. కరిగెటకు కేజ్ వీల్స్ వాడాలనుకుంటే వాటిని పొలం దాకా ట్రాలీలో తోలుకెళ్లి అక్కడే తగిలించండి. వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డూ పాడు, కేసూ తప్పదు. వెనక టైర్లలో పొలం పనికి గాలి 12 నుంచి 16 పీఎస్ఐ మధ్య పెట్టి, ట్రాలీ తోలే రోజు పెంచుకోండి. పాత చెయిన్ బండిని తుక్కు కింద తూకానికి అమ్మే ముందు దాని రోలర్లూ, ఇంజనూ, పంపూ విడివిడిగా ఎంత పలుకుతాయో అదే మోడల్ వాడుతున్న కిరాయిదారులను అడగండి. ఇంకా నడుస్తున్న బండ్లున్నవాళ్లు ఆ సామాను కోసమే వెతుకుతుంటారు, తుక్కు ధరకన్నా ఎక్కువే ఇస్తారు.